సున్న చూపిన యాప్

ఆ రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, లోకంలో ఉన్నవన్నీ నాకు రెండే రకాలు: రుజువైనవి, నేనింకా ఖండించనివి. మా మేనమామ రెండో రకం. బెళుగుప్ప చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. నాయన మా శెనక్కాయ చేనులో ఆయనతో చోటు చూపించుకుని, బోరు బండిని మర్నాడు రమ్మన్నాడు. నేను అడ్డుపడ్డాను. మామ చెప్పిన బోర్లలో ఏవేవి ఎండిపోయాయో చూపించే యాప్ చేస్తానన్నాను. "రేపు పొద్దునకి చూపించు. లేకుంటే మామ మాటే" అన్నాడు నాయన.

ముందు యాప్‌లు తయారు చేసే ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి. దానికి ఫోన్ సిగ్నల్ కావాలి. సాయంత్రం ఫోన్‌ను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ మిద్దెంతా తిరిగాను. దూరంగా కొండల మీద గాలిమరలు నిద్రలో నడుస్తున్నట్టు తిరుగుతున్నాయి. డౌన్‌లోడ్ వాటికంటే నిదానం. కింది నుంచి మామ చూశాడు.

"ఏమప్పా అల్లుడా, లేస్తాందా?"

"ఇది సైన్సు మామా."

"నేనేమన్నా? నీళ్లు పడితే చెప్పు."

తెల్లారేసరికి ఫ్రేమ్‌వర్క్ ఎక్కింది. (యాప్ మాత్రం మొదలే కాలేదు.) సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోవడానికి దాంతోపాటే ఒక నమూనా వస్తుంది: తెర మధ్య సున్న, మూలన కూడిక గుర్తు. గుర్తు నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. దాన్ని ఫోన్‌లో తెరిచేసరికి నాయన తొంగి చూశాడు.

"మన చేనులో సున్ననా?"

నేను వివరించేలోపే బోరు బండి వచ్చింది. పొద్దుగూకేదాకా తవ్వినా తెల్లటి దుమ్మే వచ్చింది. "మావోని ఫోను ముందే చెప్పినాది" అని నాయన టీ కొట్టులో చెప్పాడు. వారమంతా రైతులు మా ఇంటికి వచ్చారు. అందరికీ కార్యకారణ సంబంధం గురించి ఉపన్యసించాను. (ఓపిగ్గా విన్నారు.) విని, "సరేగానీ, మా చేనులో చూడన్నా" అన్నారు.

చివరికి మామ వచ్చాడు, చేతిలో టెంకాయ లేకుండా. గాలిమరల వైపు చూస్తూ తన బత్తాయి తోట సంగతి ఎత్తాడు.

"చీనీ చెట్లు ఎండిపోతాండాయి. నా చేనులో చూడప్పా."

"నీ టెంకాయ ఏమైంది మామా?"

"సొంత చేనులో అది లేయదప్పా."

ఇన్నాళ్లూ ఆయనను ఖండిస్తూ నోటుబుక్కులు నింపిన నేను, కూడిక గుర్తు నొక్కాను. ఒకటి వచ్చింది.

మామ నవ్వాడు. "నువ్వు నొక్కింది చూసినాలే. నేను గూడ అంతే అల్లుడా. మనిషి మొగం చూసి లేపుతా."

ఇంతకంటే గట్టి రుజువు నా జీవితంలో దొరకలేదు. ఎక్కడా రాయలేదు. ఇప్పటికీ కొత్త యాప్ మొదలుపెడితే ముందు ఆ సున్నే వస్తుంది. దాన్ని చెరిపేసే ముందు, ఎవరూ చూడకుండా, ఒక్కసారి నొక్కుతాను.