చాచా మైక్ బ్యాటరీకి నేను రాసిన ఏడు నియమాలు

మా ఊళ్లో మైక్ సెట్ కిరాయికి ఇచ్చే చాచా మొదటి బ్యాటరీ ఏడాది తిరగకముందే పోయింది. మా ఊరు కొత్తకోట నుంచి బస్సులో అరగంట. కరెంటును నమ్ముకొని పెళ్లి ఒప్పుకునే కాలం కాదు కాబట్టి ఆంప్లిఫయరు కారు బ్యాటరీ మీదే నడిచేది. పాట బొంగురుపోయేదాకా వాడటం, ఖాళీ బ్యాటరీని నాలుగైదు రోజులు మూలన పడేయటం, ఆ తర్వాత తీరిక చూసుకొని కొత్తకోటలో చార్జింగ్‌కు ఇవ్వటం, ఇదీ ఆయన పద్ధతి. రెండో బ్యాటరీ కొన్న రోజు నన్ను పిలిచాడు. అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను.

"బేటా, దీని ఉమర్ ఎట్ల పెరుగుతదో కాయితం మీద రాసియ్యి. నోటితోని చెప్తే నాకు యాదికుండదు."

ఏడు నియమాలు రాసి, నంబర్లు వేసి ఇచ్చాను. చార్జి సగానికి మించి దించొద్దు. దిగిన మర్నాడే చార్జింగ్‌కు ఇవ్వాలి. మెల్లగా, పగలంతా చార్జి చేయించాలి. బస్సులో నిలబెట్టే తేవాలి. ఇంటికొచ్చాక టెర్మినళ్లు తుడవాలి. ఆరోది, గీత దాకా నీళ్లు పోయాలి, అదీ సీసాలో కొన్న బ్యాటరీ నీళ్లే. మా బోరు నీళ్లకు బిందెల అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, అవి పనికిరావు. ఏడోది, ఆసిడ్ సాంద్రత చూసి నోటుబుక్కులో రాయాలి. దానికోసం రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం, హైడ్రోమీటరు, నేనే తెచ్చిచ్చాను. ఆసిడ్‌ను పైకి పీలిస్తే లోపలి తేలుడు కడ్డీ మీద అంకె కనబడుతుంది. నిండా చార్జి అయితే 1250 దగ్గర ఉండాలి.

చాచా కాగితాన్ని దుకాణం గోడకు అతికించి, నంబరు తప్పకుండా పాటించాడు. చలికాలమంతా నోటుబుక్కులో 1240, 1230. నాకు గర్వంగా ఉండేది.

ఎండాకాలం సెలవుల్లో వచ్చి చూస్తే చివరి పేజీలో 1180 ఉంది, దాని కింద 1150. ఆ బుధవారం పొద్దున చాచా నా ముందే మళ్లీ చూశాడు. 1130. ముందురోజు సాయంత్రమే నిండా చార్జి చేయించి తెచ్చిన బ్యాటరీ అది.

"ఇది పోయినట్టే చాచా," అన్నాను.

"మొన్నటి పెండ్లిల మంచిగనే మోగింది గదా?"

"మోగుతది. ఒక్కసారి ఆగిందంటే మళ్ల లేవది."

ఆయన అడిగింది ఊరికే కాదు. దర్గాలో మూడు రోజుల ఉర్సుకు మైక్ పెడతావా లేదా అని పెద్దలు కబురు చేశారు. శుక్రవారం నమాజు తర్వాత జవాబు చెప్పాలి. లేదంటే కొత్తకోట సెట్టు వస్తుంది. ఒకసారి వచ్చినవాళ్లనే మరుసటి ఏడాదీ పిలుస్తారు. కొత్త బ్యాటరీ కొనే స్థితి లేదు.

"ఒప్పుకోకు చాచా," అన్నాను. ఆయన టోపీ తీసి తల గోక్కొని, మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వు చదువుకున్నోనివి, నీ మాటే," అన్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు గురువారం, ఎందుకో మనసొప్పక మళ్లీ వెళ్లాను. చాచా బయటికి పోయాడు. హైడ్రోమీటరు అడిగితే, చాచీ దానికన్నా ముందు నీళ్ల సీసా తెచ్చి బ్యాటరీ మీది ఆరు అరల మూతలు తిప్పసాగింది.

"నీళ్లెందుకు చాచీ?"

"ఆరు గాకుండ ఏడు చేస్తారా? నువ్వే గదా రాసినవ్. ఎండలకు లోపట ఎక్కువ తాగుతాంది, దినాం పోస్తున్నం. మొన్న సాయంత్రమైతే సగం సీసా పట్టింది."

అప్పుడు తట్టింది నాకు. పోసిన నీళ్లు ఆసిడ్‌లో వెంటనే కలవవు, పైనే నిలుస్తాయి. కలవాలంటే మళ్లీ చార్జింగ్ పెట్టి బుడగలు రానివ్వాలి. వాళ్లు ఇన్నాళ్లూ కొలిచింది పైన తేలిన నీళ్లను. ఎండలు ముదిరేకొద్దీ ఎక్కువ పోశారు, అంకె అంత పడింది. ఏడోది ఆరో నంబరుకు ముందు ఉండాలి. తప్పు నా వరసలో ఉంది.

అప్పుడే వచ్చిన చాచాను కూర్చోనియ్యకుండా బ్యాటరీ ఎత్తించి కొత్తకోట బస్సెక్కించాను. చార్జింగ్ దుకాణంలో వైర్లు తగిలించి, ఎదుటి బల్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు గంటలకు లోపల సన్నగా బుడగలు మొదలయ్యాయి. ఇంకో గంట ఆగి, వైర్లు విప్పించి, బుడగలు తగ్గాక గొట్టం ముంచాను. మొదటి అర 1250. రెండోది 1245. ఆరు అరలూ చూసి, నమ్మకం కుదరక మొదటిది మళ్లీ చూశాను.

"మంచిగుంది చాచా. దానికేం కాలే. నేనే తప్పు రాసిన."

 "అంటే నిన్నటి సంది నా నెత్తి మీద నువ్వు పెట్టిన ఫికరంతా ఉత్తదేనా?"

"ఉత్తదే."

"చదువు ఇంకెన్ని దినాలున్నది నీకు?"

"రెండు నెలలు."

"జర మంచిగ చదువు బేటా," అని నవ్వాడు. చార్జింగ్ దుకాణపాయన కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

శుక్రవారం నమాజు విడిచే వేళకు నేను దుకాణం బల్ల మీదే కూర్చున్నాను. చాచా వస్తూనే చెప్పులు విడిచి, "ఒప్పుకున్న. మూడు దినాలు మనమే," అని, లోపలికి చూసి ఇద్దరికీ అన్నం పెట్టమన్నాడు. బుధవారం నుంచి నేను సరిగ్గా తినలేదని అప్పుడు తెలిసింది నాకు. మూడుసార్లు వడ్డించుకొని, ఆ బల్ల మీదే ఒళ్లెరగక నిద్రపోయాను.