ఒట్టి మజ్జిగ ప్లేటు

మా అమ్మ తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే షెడ్డులో పనిచేస్తుంది. రోజంతా తడిలో నిలబడటంతో కాలి వేళ్ల సందులు ఒరిసి, తెల్లబడి, దురద పెడతాయి. వానలు పడగానే రోడ్డు పక్కన మొలిచే తంటెపాకు కోసుకొచ్చి, నూరి, పుల్ల మజ్జిగలో కలిపి పట్టిస్తుంది. వారంలో తగ్గుతుంది. షెడ్డులో ఆడవాళ్లందరికీ అదే మందు.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆ ఆకునే పట్టుకున్నాను. వికారాబాద్ కాలేజీలో మా గైడ్ సార్ మూతి విరిచారు. "వేప తీస్కో, ఎప్పుడైనా పనిచేస్తది." నేను వినలేదు.

పద్ధతి ప్రకారం ఆకు నీడన ఆరబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి సారం తీశాను. ప్లేట్లలో బ్యాక్టీరియా, ఫంగస్ పెంచి, మధ్యలో చిన్న గుంట చేసి అందులో పోశాను. మందు పనిచేస్తే గుంట చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం కనపడాలి. నా ప్లేట్లలో గుంట అంచు దాకా దర్జాగా పెరిగాయి. ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. మా అమ్మ ఎన్నడైనా స్పిరిట్ వాడిందా?

ఈసారి పచ్చి ఆకు నూరి, ఇంటి నుంచి రైల్లో తెచ్చిన మజ్జిగలో కలిపి, వడకట్టి పోశాను. ఫంగస్ ప్లేటులో ఇంత వెడల్పు వలయం. సార్ మొహం వెలిగింది. అయితే పోలిక కోసం ఇంకో ప్లేటులో ఒట్టి మజ్జిగ పోసి ఉంచాను. అందులోనూ అంతే వలయం. అంటే ఆకు చేసిందేమీ లేదు.

"గా ప్లేటు తీసెయ్. ఎవరడుగుతరు? నీ ఆకే గెలుస్తది, పేపర్ గూడ వేద్దాం," అన్నారు సార్.

దాచడమెందుకు, నాకూ ఆశ పుట్టింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, నీ ఆకు పనిచేయలేదు, మజ్జిగే పనిచేసిందని అమ్మతో చెప్పాను. అమ్మ కాళ్లు తుడుచుకుంటూ, "మజ్జిగ గూడ నేను చేసిందే గద బిడ్డా. మంచిదే, ఆకు కోసుడు తప్పింది," అంది. ఆశపడ్డందుకు సిగ్గేసింది.

మర్నాడు సార్ గదిలోకి వెళ్లాను. "ఆ ప్లేటు నేను తియ్య సార్. మన పేపర్ చూసి ఎవరన్న ఒకామె ఒట్టి ఆకు పెట్టుకుంటే, ఆమె కాళ్లు గట్లనే ఉంటయి. మీ కాళ్లు కావు గద."

"అయితే నా సంతకం రాదు," అన్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. సార్ క్లాసుకు పోతూ చూశారు, వస్తూ చూశారు. రెండో రోజూ అంతే. మూడో రోజు నా ముందు ఆగి ప్రాజెక్టు ఫైలు అడిగారు. ఒట్టి మజ్జిగ ప్లేటు ఫోటో ఉన్న పేజీ తీసేశానేమోనని తిప్పి చూశారు. ఉంది. నిలబడే సంతకం పెట్టారు. నేను బెంచీ మీంచి లేవలేదు.