తోలు కాలని వాత

గొర్రెలకు వాత పెట్టడంలో మా తమ్ముడు చిన్నసుబ్బయ్య సింహాద్రిపురం చుట్టుపక్కల పేరున్నవాడు. కాలు పట్టేసినా, మెడ వాచినా గొర్రెను వాడి దగ్గరికే తోలుకొచ్చేవాళ్లు. కొడవలి ముక్కు ఎర్రగా కాల్చి ఒక్కసారి ఆనించి తీసేవాడు. మర్నాటికి తోలు పొక్కితే వాత పట్టినట్టు. పొక్కకపోతే మళ్లీ కాల్చాల్సిందే. వాడికి తెలిసిన వైద్యం అంతే. దాన్నే పట్టుకుపోయి మద్రాసు డాక్టర్లకు పాఠం చెప్పబోయాడు.

మంద వెంట తిరిగినంతసేపూ దవడలో పొగాకు ముద్ద ఉండాల్సిందే. ఆ చోటే పుండు లేచింది. జమ్మలమడుగులో చూపిస్తే కేన్సరన్నారు, మద్రాసు పొమ్మన్నారు. నేను ఎంత తిట్టినా కదల్లేదు. కదిలించింది గౌస్ మొహిద్దీన్.

గౌస్‌ది ప్రొద్దుటూరులో మాంసం అంగడి. మా పొట్టేళ్లు కొనేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో అతనికీ దవడలోనే పుండు లేస్తే మద్రాసులో మిషను కింద పడుకోబెట్టి కరెంటు పెట్టారు. ఆ చెంప కాలి, పొక్కి, నల్లబడిపోయింది. ఆ పక్క గడ్డం మొలవదు. నోట్లో తడి లేక నీళ్ల చెంబు వెంటే ఉండాలి. అయినా మనిషి బతికి బేరాలాడుతున్నాడు.

"చూడు మామా, ఎట్ల కాలిందో," అని చెంప చూపించాడు.

మావాడు వేలితో తడిమి, "బాగా పట్టిందప్పా వాత," అన్నాడు. నమ్మకం కుదిరింది. ముద్దనూరులో రైలెక్కాం.

ఈ ఏడెనిమిదేళ్లలో అక్కడ మిషను మారిపోయింది. ఇది కోబాల్టన్నారు. తెలుగొచ్చిన డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: "పాత మిషను దెబ్బ ముందు తోలుకే తగిలేది. ఇది తోలు దాటిపోయి లోపల పనిచేస్తుంది. పైన అంతగా కాలదు. నోరు మాత్రం పూస్తుంది, భయపడొద్దు. మధ్యలో మానుకుంటే చేసిందంతా వృథా."

అదే ఆసుపత్రిలో ఒకామెకు నాలుకలో రేడియం సూదులు గుచ్చి ఉంచారు. మావాడికి ఆమెను చూస్తే ఎక్కడలేని గౌరవం. "అదీ వైద్యమంటే! కంటికి కనపడతాది," అనేవాడు.

రోజూ మిషను కింద పడుకొని వచ్చి అద్దంలో చెంప చూసుకునేవాడు. కాస్త ఎర్రబడింది, అంతే. కొన్నాళ్లకు నోరంతా పూసి గంజి కూడా దిగలేదు.

"చూస్తాండావా అక్కా? తోలు పొక్కలా. రోగం మాత్రం నోరంతా పాకుతాంది. వీళ్ల వాత పట్టలా."

"పొక్కింది నోట్లోరా, బుద్ధిలేనోడా! ఆయమ్మ ముందే చెప్పలా?"

"గొర్రెకు యాడన్నా లోపల పొక్కుతాదా?"

"నువ్వేమన్నా గొర్రెవా?"

"పో అక్కా, వాతల సంగతి నీకేం తెలుసు? గౌస్‌కు పెట్టిన మిషను పెట్టమను, ఉంటా."

సగం కూడా కాలేదని డాక్టరమ్మ బతిమాలింది. వాడు మూట కట్టేశాడు. అంత మగవాణ్ణి చంకనేసుకొని ఆపగలనా?

ఇంటికి రాగానే రంగయ్యను పిలిపించాడు. వాడు మా తమ్ముడి దగ్గరే వాత నేర్చుకున్నవాడు. కాలిన కొడవలి చేతికిస్తే వెనక్కి జరిగాడు.

"నాతో కాదన్నా."

"గొర్రె అనుకోరా."

నేను కొడవలి లాక్కోబోయాను. తమ్ముడి పెండ్లాం సిద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పెట్టనీ వదినా. మళ్లా అన్నం తింటాడేమో," అంది. ఆ ముఖం చూశాక నేను పక్కకు జరిగాను. రంగయ్య కొడవలి ఆనించాడు.

మర్నాడు చెంప పొక్కింది. అద్దంలో చూసుకొని నవ్వబోతే దవడ సగమే తెరుచుకుంది.

కొన్ని నెలలకు మెడ కింద గడ్డ లేచింది. మళ్లీ మద్రాసు తీసుకుపోయాను. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇంకా ఆశ ఉందనుకునేదాన్ని. పాత మిషనుకూ, కొత్త మిషనుకూ, సూదులకూ దేనికీ అందదని మెల్లగా చెప్పింది. గౌస్ మా ఇంటికొచ్చి, "నేను ఈ చెంప చూపించకుండా ఉండాల్సింది మామా," అని ఏడ్చాడు. మావాడు అప్పటికే మాట్లాడలేడు.

శవానికి నీళ్లు పోసేటప్పుడు చూశాను. గడ్డ పగిలి ఉంది. దానికి పైన, చెంప మీద వాత మచ్చ మాత్రం చక్కగా మానింది. రంగయ్య చెంబు పట్టుకొని దాన్నే చూస్తున్నాడు.

"వాత సరిగ్గానే పడింది గదా అక్కా?"

వాడి చేతిలోంచి చెంబు తీసుకున్నాను.

"శానా బాగా పడిందిరా," అన్నాను.