కోటవాళ్ల తాంబూలం

మా మామ వీరసామికి డెబ్బై మూడేళ్లు. తమిళ సీమలో, పుదూరు పక్కన నల్లరేగడిలో వానను నమ్ముకుని గుండు మిరప పండిస్తాడు. విరుదునగర్ మిరప మండీ దాటి పోయిన మనిషి కాడు. అయినా నోరు తెరిస్తే ఓరుగల్లే. ఎన్నో తరాల కిందట మా వాళ్లు ఆ కోటలోంచే వచ్చారట. అక్కడ మిగిలిపోయిన చుట్టాల కోసం, మా ఇంట్లో ఏ పెళ్లయినా మొదటి తాంబూలం తీసి దూలానికి కట్టాలి. దాన్ని ఎవరూ ముట్టకూడదు. కోడలిగా వచ్చిన ఇరవై ఆరేళ్లుగా కట్టేది నేనే.

పక్కింటి సెల్లత్తాయి తమిళావిడ. నా ఇద్దరు బిడ్డలకూ పురుడు పోసింది ఆమే. మా పెళ్లిపనులన్నీ నెత్తిన వేసుకుంటుంది. ఆమెకు తాంబూలం మాత్రం అందరూ వెళ్లాక, మిగిలినదాంట్లోంచి. అదీ మా మర్యాద!

మొన్న మా అబ్బాయి హరికృష్ణన్ పెళ్లిలో మామ మొండికేశాడు.

"ఈసారి దూలానికి వద్దు కూతురా. నేనే ఎత్తుకపోయి వాళ్ల చేతిలో పెట్టాల. నేను కన్ను మూసేలోపల వాళ్లలో ఒకరన్నా 'మావోడే' అనాల. అది చాలు నాకు."

ఒక్కణ్నే ఎలా పంపను? తోడు వెళ్లాను. రెండు రోజుల రైలు ప్రయాణం. తమలపాకులు వాడిపోకుండా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. అక్కడ ఏమని పలకరించాలో ఆయన దారంతా గొణుక్కుంటూనే ఉన్నాడు.

మట్టికోట, దాని లోపల రాతికోట, ఆ లోపల టికెట్టు కిటికీ. సొంతింటికి వచ్చినట్టు మామ చెప్పులు బయటే విడిచాడు. గోడను అరచేత్తో తడిమి ఏడ్చాడు. ఎండకు ఆయన అరికాళ్లు బొబ్బలెక్కుతుంటే నాకు ఒళ్లు మండింది.

బజారులో కూరగాయలమ్మే ఆవిడ ముందు నిలబడి తాంబూలం పళ్లెం చాచాడు.

"అమ్మా, మేమూ ఈ కోటోళ్లమే. శానా కాలం ముందర పోయినోళ్లం. మనవడి పెండ్లి తాంబూలం తెచ్చినాము, తీసుకోండి."

"గిదేం బాష? అరవోళ్లా మీరు?"

"తెలుగే తల్లీ."

ఆవిడ పకపకా నవ్వి పక్క కొట్టువాణ్ని కేకేసింది. వాడు ఫోను పైకెత్తి, "ఇంకోసారి మాట్లాడు పెద్దాయనా" అన్నాడు. వీడియో తీస్తున్నాడని తెలియక, మామ మళ్లీ మొదటినుంచి చెప్పాడు, ఇంకా వినయంగా. పళ్లెం మళ్లీ చాచేసరికి ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

"నాకొద్దు. ఏం మందు వెట్టినవో ఏమో!"

ఇంకో ఆరు గుమ్మాలు ఎక్కాం. ఒకాయన తలుపు తీసి, మామ చేతిలో పది రూపాయలు పెట్టి తలుపేసుకున్నాడు. ఆ నోటు పట్టుకుని మామ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. నాకు ఏడుపాగలేదు.

తిరిగొచ్చి మా ఊరికి దగ్గరి స్టేషను కోవిల్పట్టిలో రైలు దిగాం. ఊరు చేరాక ఆయన మా ఇంట్లోకి రాకుండా నేరుగా సెల్లత్తాయి అరుగు దగ్గరికి వెళ్లి, తాంబూలం ఆమె చేతికిచ్చాడు.

ఆమె గుడ్డ విప్పింది. ఆకులు పండిపోయి అంచులు నల్లబడ్డాయి.

"అన్నా, ఇది కోటవాళ్లది కదా. వాళ్లు వద్దన్నారా?" అని తమిళంలో అడిగింది.

మామ తలూపాడు.

"అందుకని నాకా?"

సెల్లత్తాయి గుడ్డను మళ్లీ జాగ్రత్తగా ముడివేసింది. తెచ్చి ఆయన చేతిలో కాదు, నా చేతిలో పెట్టింది.

"దూలానికే కట్టు కలైసెల్వీ. ఇన్నేళ్లూ కట్టింది నువ్వేగా."