ఏడాదికొక్క రాత్రి వెలిగే నక్షత్రం

శనివారం పొద్దున ఆరుంబావుకి తిరుపతి బస్టాండులో నాయుడుపేట బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో సంచి, అందులో లాప్‌టాప్, ఎనిమిది ఫోటోలు, ఒక ధ్రువపత్రం. ఆ పత్రం మీద చెంగయ్య అనే రిటైరయిన ఉద్యోగి సంతకం కోసమే ఈ ప్రయాణం. ఒక్క సంతకానికి మనిషి ఇంత దూరం పోవాలా, పోస్టులో పంపకూడదా అని నాకూ అనిపించింది. మా ఆఫీసుకి పోస్టు మీద నమ్మకం లేదు. నా మీద ఉంది, ఏం చేస్తాం!

నా పనేమిటో ముందు చెప్పాలి. మా పాత టెలిస్కోపు తీసిన ఆకాశపు ఫోటోలు గాజు పలకల మీద ఉంటాయి. వాటిని స్కాన్ చేయించి, ఏ పలక ఏ రాత్రిది, ఆకాశంలో ఏ మూలది అని పట్టికలో ఎక్కించి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకునేలా డిజిటల్ ఆర్కైవ్ కట్టడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. నలుగురిలో ఎవరైనా అడిగితే మా మామగారు "ఏదో ఫోటోల పని" అని మాట మార్చేస్తారు.

అలాంటి నాకు ఆ ఆర్కైవ్‌లోనే ఒక నక్షత్రం దొరికింది. ఆకాశంలో ఒకే మూలని ఎనిమిదేళ్లపాటు రోజూ తీసిన పలకలవి. ఏడాది పొడుగునా ఆ చోట ఏమీ ఉండదు. ఒక్క రాత్రి మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతుంది. మర్నాడు మాయం. మళ్లీ ఏడాదికి ఇంకో రాత్రి. ఇలా వరసగా ఎనిమిదేళ్లు. పైగా చోటు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతుంది, లెక్కా ఏడాదికి సరిగ్గా కుదరదు. ఒకసారి 354 రోజులు, ఇంకోసారి 355, ఉన్నట్టుండి 384. మా డైరెక్టరు గారు దానికి కారణం కూడా కనిపెట్టారు: పక్కనే కంటికి కనపడని ఇంకో నక్షత్రం ఉండి దీన్ని లాగుతోందట. సోమవారం సభ పెట్టి, విలేకరుల్ని పిలిచి ప్రకటించబోతున్నారు. కనిపెట్టినవారుగా నా పేరు. నిజం చెబుతున్నాను, ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

అసలు పలకలు తీసి చూసుకోవచ్చు కదా అంటారేమో. స్కానింగ్ అయ్యాక వాటిని పెట్టెల్లో పెట్టి సీలు వేసేశాం. సీలు తీయాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి. ఒకరు రిటైరయ్యారు, ఒకరు విదేశంలో ఉన్నారు, మూడోవారు ఒంటరిగా కూర్చోనంటున్నారు. అందుకని పలకల మీద పరాయి పదార్థమేదీ లేదని, ఆ రోజుల్లో వాటిని కడిగి ఆరబెట్టిన మనిషి చేత రాయించుకు రమ్మన్నారు. ఆ మనిషే చెంగయ్య.

ఏడూ ఇరవైకి శ్రీకాళహస్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. రెండిడ్లీ తిన్నాను, చట్నీ నీళ్లు. తిరిగొచ్చేసరికి నా పక్కన పూలబుట్టతో ఒక పెద్దామె కూర్చుని ఉంది. నేను ఫోటోల వెనక రాసుకున్న రోజుల లెక్క మళ్లీ కూడుకుంటుంటే కాసేపు చూసి, "ఏంది నాయనా ఆ లెక్క?" అంది. ఒక పండగలాంటిది, ఎప్పుడొస్తుందో తేలడం లేదన్నాను. నక్షత్రం సంగతి ఆమెకెందుకని.

"పండగలు అట్టనే గదా వచ్చేది," అంది. "ఏటికేడు పదకొండు దినాలు ముందుకి జరగతాయి. అధికమాసం వచ్చిన ఏడు నెల వెనక్కి పోతాయి. పూలమ్మేదాన్ని, నాకు తెలీదా?"

ఫోను తీసి ఎనిమిది తేదీలూ పాత పంచాంగంలో చూశాను. మొదటిది మహానవమి. రెండోది మహానవమి. మిగిలిన ఆరూ చూడకుండా కళ్లు మూసుకున్నాను. కానీ నా బుద్ధి ఊరుకోదుగా, చూశాను. ఎనిమిదీ ఆయుధ పూజ రోజులే. దసరాకి సెలవు పెట్టి వచ్చిపోయే నక్షత్రం లోకంలో ఉంటుందా!

ఎనిమిదింబావుకి నాయుడుపేటలో దిగి, బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర నిలబడి, మా పలకలు స్కాన్ చేసిన భారతికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ పలకల మీద ఎర్రగా ఏమైనా ఉండేదా?"

"బొట్లుండేవి సార్, కుంకం బొట్లు. ఏడో ఎనిమిదో పలకలకి."

"తుడవలేదా?"

"శుక్రవారం పూట బొట్టెవరు తుడుస్తారు సార్?"

"అన్నీ శుక్రవారమే స్కాన్ చేశారా?"

"మిగతా రోజుల్లో మాత్రం తుడుస్తారా సార్, మీరు మరీనూ!"

ఎవర్ని తిట్టను? ఆ పలకల్లో ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా పడతాయి. రంగుల్లో స్కాన్ చేస్తే జాగా మూడింతలు పడుతుందని నలుపు తెలుపుల్లో తీయించింది నేనే. నలుపు తెలుపుల్లో కుంకుమ బొట్టు కూడా నల్ల చుక్కే. పొదుపు చేసినందుకు మెమో ఇవ్వాల్సింది పోయి మెప్పు ఇచ్చారప్పుడు.

అయినా ఆశ చావదు కదా. ఎనిమిదింట్లో ఒక్కటి బొట్టు కాకపోతే చాలు, నా నక్షత్రం బతుకుతుంది. తొమ్మిదింటి బస్సులో చిట్టమూరు, అక్కణ్నుంచి షేర్ ఆటో. ఎవరైనా అటు వెళ్లేటట్లయితే చిట్టమూరులోనే నీళ్ల సీసా కొనుక్కోండి, తరువాత దొరకదు. జిల్లాల గీతలు ఎటు జరిపినా ఇక్కడివాళ్లు తమది నెల్లూరనే చెబుతారు. ఆటోలో నాతోపాటు రెండు గంపల ఎండు రొయ్యలు, ఐదుగురు మనుషులు. పదింటికి పులికాట్ ఒడ్డున చెంగయ్య ఊళ్లో దిగాను. నా చొక్కాకంతా ఆ రొయ్యల వాసనే.

చెంగయ్యకి డెబ్బై దాటి ఉంటాయి. వసారాలో కాళ్లు చాపుకుని, చిరిగిన వలని బొటనవేలికి తగిలించి కుట్టుకుంటున్నాడు. చేపలు పట్టే కుటుంబం. ఈయనొక్కడే టెలిస్కోపు దగ్గర ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, రిటైరయ్యి మళ్లీ వల దగ్గరికొచ్చాడు. ఆఫీసు నుంచి అనగానే లేవబోయాడు. నేనే ఆపాను. ధ్రువపత్రం చదివి వినిపించాను.

"పరాయి పదార్థం లేదని రాయాల్నా? కుంకం పరాయిది ఎట్టయితాది సార్?" అన్నాడు.

ఇంకేముంది! ఎనిమిది ఫోటోలూ ఆయన ముందు పరిచి ఉన్నదంతా చెప్పాను. నక్షత్రం, పక్కన కనపడని నక్షత్రం, సోమవారం సభ. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. లోపల చేపలు కడుగుతున్న ఆయన భార్య రవణమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ముప్పై ఏండ్లు ఆకాశం కాడ ఉండి ఏం చేసినావంటే చెప్పలేకపోతివి. నచ్చత్రమే చేసినావంట గదయ్యా!" అని నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"తప్పయిపోయింది సార్," అన్నాడు చెంగయ్య. "ఆయుధ పూజ నాడు టెలిస్కోపుకి, పలకలు కడిగే తొట్లకి బొట్టు పెట్టి, ఆ రాత్రి తీసిన పలక ఆరినాంక దానికీ ఒక బొట్టు పెట్టేవోణ్ని. గాజు పగలకుండా ఉంటాదని. ముప్పై ఏండ్లలో ఒక్కటి పగల్లే."

ఒక్కొక్క ఫోటో తీసి, "ఇది నాదే, ఇదీ నాదే," అని పక్కన పెడుతున్నాడు. ఏడయ్యాయి. ఎనిమిదోది చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. వెనక రాసిన తేదీ నన్ను రెండుసార్లు చదవమన్నాడు.

"ఇది నాది కాదు సార్. మా నాయన పోయిన ఏడు. సంవత్సరీకం దాకా మాకు పండగ లేదు. ఆ ఏడు నేను కుంకం ముట్టుకోలేదు."

లేచి నిలబడ్డాను. ఉన్నట్టా, నా నక్షత్రం ఉన్నట్టా! "ఇంకెవరూ పెట్టలేదు కదా? బాగా గుర్తు తెచ్చుకో పెద్దాయనా," అని ఆయన భుజం పట్టుకున్నాను. సిగ్గు లేదు నాకు, ఒకరి తండ్రి పోయిన ఏడాదిని పట్టుకుని వేలాడుతున్నాను.

"చీకటి గదిలో మేం ఇద్దరమే సార్. నేను, మా దొర." దొర అంటే అప్పటి శాస్త్రవేత్త, చనిపోయి చాలా కాలమైంది. ఇప్పటి మా డైరెక్టరుకి గురువు. దేవుడు, పూజ అంటే మండిపడేవాడని మేమంతా విన్నదే. "దేవుణ్ణి కొలిచి చూపించరా, దండం పెడతా, అనేవోడు సార్ నన్ను. ఆయుధ పూజ అయిందాకా గడప బయట నిలబడేది. గుగ్గిళ్లు మటుకు రెండుసార్లు అడిగి తినేది."

ఫోటోని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. రవణమ్మని స్కేలు తెమ్మన్నాడు. ఆమె మనవరాలి జామెట్రీ పెట్టెలోది తెచ్చిచ్చింది. పై అంచు నుంచి చుక్కకి కొలిచాడు. పక్క అంచు నుంచి కొలిచాడు. రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. మిగతా ఏడూ అదే మూలన కాస్త అటూ ఇటూగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి, వేలితో అద్దినవి. ఇదొక్కటి గుండ్రంగా, గీసినట్టు ఉంది.

"టీ గలాసు బల్ల మీద పెట్టాలన్నా కొలిచి పెట్టే మనిషి సార్," అన్నాడు చెంగయ్య. "నేను పెట్టలేదని... నా బదులు ఆయన పెట్టినాడు. ఒక్క మాటా చెప్పలేదు సార్ నాకు."

స్కేలు కింద పెట్టి భుజం మీది తువాలుతో మొహం కప్పుకున్నాడు. రవణమ్మ కూడా నవ్వడం మానేసింది. నా నక్షత్రం పోయిందని ఏడవడానికి వచ్చినవాణ్ని, ఆయన్ని చూస్తూ కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టారు. మామిడికాయ ముక్కలేసిన పులుసు, మూడుసార్లు వడ్డించుకున్నాను. వారం రోజుల తరువాత అన్నం సయించింది. ధ్రువపత్రం సంచిలోనే పెట్టేసి, ఆ బొట్లు ఎవరు పెట్టారో పట్టికలో రాస్తానన్నాను. చెంగయ్య ఆటో దాకా వచ్చాడు.

"ఆ ఒక్కటీ కూడా నేనే పెట్టినానని రాయండి సార్."

"మైలలో పూజ చేశాడంటారు నిన్ను."

"అననీయండి. ఆయన శిష్యులు ఇప్పుడు పెద్ద పెద్దోళ్లు. ఆయన బొట్టు పెట్టినాడంటే నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే నాకేం పోతాది?"

నాలుగూ ఇరవైకి నాయుడుపేటలో తిరుపతి బస్సు దొరికింది. డైరెక్టరు గారికి ఫోన్ చేసి అది నక్షత్రం కాదు, కుంకుమ అని చెప్పాను. "మరి దాన్ని లాగుతున్న రెండో నక్షత్రాన్నేం చేద్దామయ్యా?" అన్నారు. సభ మాత్రం జరుగుతుందట, సమోసాలకి చెప్పేశారట. ఎనిమిదో బొట్టు సంగతి ఆయనకి చెప్పలేదు. గురువు గారి పేరు ఇక్కడా రాయలేదు, గమనించే ఉంటారు.

కిటికీలోంచి ఎండ పడుతుంటే లాప్‌టాప్ తెరిచాను. ఆర్కైవ్‌లో వస్తువు రకం ఎంచుకోవడానికి నక్షత్రం, తోకచుక్క, గీత, దుమ్ము, బూజు మాత్రమే ఉన్నాయి. కొత్తగా 'బొట్టు' అని చేర్చాను. ప్రపంచంలో ఇంకే ఆర్కైవ్‌లోనూ ఆ రకం ఉండదనుకుంటాను. పోయిన నక్షత్రానికి బాధ లేదంటే అబద్ధం. కానీ పదకొండేళ్లుగా ఈ పలకల్లో ఆకాశమే చూశాను, వాటిని పట్టుకున్న చేతుల సంగతి ఆ ఊరెళ్లేదాకా నాకు తోచలేదు.

ఏడు గడుల్లో 'పెట్టినవారు: చెంగయ్య' అని రాశాను. ఎనిమిదో గడి దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఈ పట్టికలో ఇంతవరకు తెలిసి ఒక్క తప్పు తేదీ కూడా ఎక్కించలేదు నేను. శ్రీకాళహస్తి వచ్చింది, బస్సు ఆగింది, మళ్లీ కదిలింది. అందులోనూ చెంగయ్య అనే రాసి సేవ్ నొక్కాను.