స్టాండు మీద బాగా తిరిగిన చైను

నా చేతులకు పనిని, ఆ పనిలో తప్పు చేసిన రోజున దాన్ని ఒప్పుకొనే ధైర్యాన్ని ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకుంటే ఈ సంగతి రాయడానికి నాకు ముఖం చెల్లేది కాదు.

అది 1997. మదనపల్లె బస్టాండు వెనక వీధిలో నాకు సైకిల్ రిపేరు షాపు ఉండేది. హార్స్లీ హిల్స్ దిగుతూ బ్రేకు రబ్బర్లు అరగదీసుకొని వచ్చే కాలేజీ పిల్లల సైకిళ్ళ నుంచి, మండీకి టమోటా బుట్టలు మోసే సైకిళ్ళ దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆదివారం మాత్రం తలుపు తీసేవాణ్ణి కాదు.

పుంగనూరులో ఒక టైలరు దగ్గర జాకెట్లు కుట్టే రెడ్డెమ్మ అప్పుడప్పుడూ లైనింగు గుడ్డ కొనడానికి మదనపల్లె వచ్చేది. ఇరవై ఏళ్ళుంటాయి. బస్సెక్కేది కాదు, తొక్కుకుంటూ వచ్చేది. వింతేమిటంటే వచ్చిన ప్రతిసారీ సైకిల్ మారేది. ఒకసారి టైలరుది, ఒకసారి వెనక చంటిపిల్ల సీటు బిగించిన పంతులమ్మది. చుట్టుపక్కల ఆడపిల్లల సైకిల్ పందెం ఎక్కడ జరిగినా ఆమె వెళ్ళేదని, గెలిచేదని నాకు తర్వాత తెలిసింది. సొంత సైకిల్ లేదు. అన్నీ అడిగి ఎరువు తెచ్చుకున్నవే.

ఒక్కో సైకిల్ ఒక్కో కొలత. ఒకదానికి అలవాటుపడిన కాళ్ళు ఇంకోదాని మీద తడబడతాయి. ఈమె ఎలా గెలుస్తోందా అని నాకు మహా కుతూహలంగా ఉండేది. ఒకరోజు అడిగేశాను. ఆమె నడుమున దోపుకున్న చిన్న సంచిలో నుంచి ఒక దారం తీసింది. దానికి మూడు ముళ్ళు ఉన్నాయి.

"జాకెట్టు కుట్టాలంటే ఆది జాకెట్టు తెమ్మంటాం గదన్నా. ఇది సైకిల్‌కి ఆది" అంది. మొదటి ముడి సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం. రెండోది పూర్తిగా కిందికి దిగిన పెడల్ నుంచి సీటు దాకా. మూడోది హ్యాండిల్ ఎత్తు. "ఎవరి సైకిలైనా కానీ, ఈ ముళ్ళకి సరిపోతే నాదే."

పక్క టీ బంకు వెంకటరమణ ఊరుకుంటాడా! "మూడు ముళ్ళు నీకు నువ్వే ఏసుకున్యావా రెడ్డెమ్మా?"

"నాకు కాదప్పా, సైకిల్‌కి. అదైతే సెప్పినట్టు ఇంటాది" అంది ఆమె. వెంకటరమణ టీ గ్లాసులు కడుక్కోవడానికి పోయాడు.

ఆమెకు ఇంకో నియమం ఉండేది. ఎరువు తెచ్చిన సైకిల్‌ను తెచ్చినదానికన్నా మెరుగ్గా తిరిగి ఇవ్వాలి. ఒక లూజు నట్టు బిగించో, మడ్‌గార్డు చప్పుడు మాన్పించో ఇచ్చేది. అందుకే రెండోసారి అడిగినా ఎవరూ లేదనేవారు కాదు.

ఆ ఏడాది కుప్పంలో ఒక శనివారం పందెం పెట్టారు. మామూలు సైకిళ్ళ మీదే. కుప్పం నుంచి వి.కోట దారిలో కొంత దూరం పోయి తిరిగి రావాలి. మొదటి ముగ్గురికి జిల్లా జట్టులో చోటు. జట్టులో చేరితే శిక్షణకు అసలైన రేసు సైకిల్ ఇస్తారట. రెడ్డెమ్మ ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది దానికోసమే. పాలు పోసే గంగులప్ప నాలుగు రోజులు కూతురి ఇంటికి పోతూ తన సైకిల్ ఇచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాన్ని షాపుకు తెచ్చింది. "బ్రేకులు సూడన్నా, సీటు నేను పెట్టుకుంటా" అని దారంతో కొలిచి బిగించుకుంది. కుప్పంలో మా అక్క ఉంది కనుక నేను తెల్లవారి బస్సు టాపు మీద సైకిల్ వేసుకొని వచ్చేట్టు, ఆమె పుంగనూరులో అదే బస్సు ఎక్కేట్టు అనుకున్నాం.

ఆమె వెళ్ళాక చైను చూశాను. సాగి, తుప్పుపట్టి ఉంది. నా మనసు కరిగింది. కొత్త చైను తీసి వేశాను. చేసిన మేలు చాటుకోకూడదని చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నవాణ్ణి. ఈ మాట ఆమెకు చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. సైకిల్‌ను స్టాండు మీద ఎత్తి పెడల్ తిప్పితే నూనె పోసినట్టు తిరిగింది. ఉపవాస ప్రార్థనకు వేళయింది. ఎక్కి తొక్కి చూడలేదు. సీటు మీద చెయ్యి పెట్టి, ఆమె గెలుపు కోసం కన్నీళ్ళతో ప్రార్థించి తాళం వేశాను.

కుప్పం చేరేసరికి బస్సు ఆలస్యమైంది. రెడ్డెమ్మకు దారంతో ఒకసారి సరిచూసుకోవడానికే సమయం చిక్కింది. ఊరు దాటగానే వచ్చే ఎత్తు దగ్గర నిలబడ్డాను. ఆమె ముందు వరుసలో వచ్చింది. ఎత్తు మొదలవగానే సీటు మీద నుంచి లేచి బలమంతా పెడల్ మీద వేసింది.

టక్. చైను పన్ను జారింది. మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ టక్.

ఆ చప్పుడు వినగానే నాకు అర్థమైపోయింది. వెనక చక్రానికి ఉండే పళ్ళ బిళ్ళను ఫ్రీవీలు అంటాం. పాత చైనూ దాని పళ్ళూ కలిసి అరుగుతాయి, ఒకదానికొకటి సర్దుకుంటాయి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే బరువు పడినప్పుడు జారుతుంది. స్టాండు మీద బరువు ఉండదు కనుక తెలియదు. ఇది నేను కుర్రవాళ్ళకు నేర్పే మొదటి పాఠం. మేలు చేస్తున్నానన్న సంతోషంలో, గ్రీజు మడ్డి కింద పళ్ళు ఎంత అరిగాయో చూడనే లేదు.

ఆమె కిందికి ఒకసారి చూసి, సీటు మీద కూర్చుని, నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే దాటిపోయారు. తిరుగు దారిలో అదే ఎత్తు పల్లమైంది. అక్కడ బ్రేకు ముట్టకుండా వచ్చి ఇద్దరిని దాటింది. పల్లం దిగువనే ఉన్న గీతను, మూడో అమ్మాయికి రెండు బారల వెనక, నాలుగోదిగా దాటింది.

సైకిల్ దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మోకాలు వాచి ఉంది.

"సైను మార్చినావా అన్నా?"

"మార్చినానమ్మా. కొత్తది వేసినాను."

"యాల సెప్పలేదు?"

"చేసింది చెప్పుకోకూడదని..."

"మంచిపని సెప్పుకోవద్దు, సరే. సైకిల్‌కి ఏం జేసినావో అది సెప్పల్ల గదన్నా! దాని మీద కూసోనేది నేను గదా!"

నేను పందెం పెట్టినవాళ్ళ దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. వాళ్ళు జాలిపడ్డారు గానీ, ముగ్గురంటే ముగ్గురే అన్నారు. తిరిగి వచ్చేసరికి రెడ్డెమ్మ ముందరి చక్రం బురద తుడుస్తోంది.

"ఊరుకో అన్నా. సోమవారం గంగులప్ప వస్తాడు. పాల క్యాన్లు కట్టుకోని ఎత్తు తొక్కితే ఆయప్ప పడతాడు. ముందు దాని సంగతి సూడు" అంది.

ఓడిన దుఃఖంలో కూడా ఆమె తలచింది సైకిల్ ఇచ్చినవాణ్ణి. నేను ప్రార్థనలో ఆమెను తలిచాను గానీ, ఆమె ఎక్కబోయే ఎత్తును తలచలేదు.

సైకిల్‌ను నాతోనే మదనపల్లె తెచ్చి, సోమవారం తెల్లవారగానే ఫ్రీవీలూ, ముందరి పళ్ళ చక్రమూ మార్చాను. రెండు క్యాన్ల నిండా నీళ్ళు పోసి కట్టి, ఆసుపత్రి దగ్గర ఎత్తు మీదికి నేనే తొక్కాను. వెంకటరమణ చూసి, "పాల యాపారం పెట్టినావా ఏంది?" అని నవ్వాడు. చైను జారలేదు. అప్పటి నుంచి నేను షాపు ఎత్తేసే దాకా, బరువుతో తొక్కి చూడకుండా, ఏమేం మార్చానో చెప్పకుండా ఒక్క సైకిల్ కూడా ఇవ్వలేదు.

మరుసటి ఏడాది రెడ్డెమ్మ పంతులమ్మ సైకిల్ మీద రెండోదిగా వచ్చి జట్టులో చేరింది. శిక్షణకు ఇచ్చిన సన్న చక్రాల సైకిల్ తెచ్చి నాకు చూపించింది. నేను అబ్బురంగా తడుముతుంటే సంచిలో నుంచి అదే దారం తీసింది. "ఇదీ ఎరువేనన్నా. ఆటలైనంక ఇచ్చేయల్ల" అంటూ సీటు కొలిచి, దారం నా చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వు బిగించు. బిగించి, ఏం జేసినావో సెప్పు."

బిగించాను. చెప్పాను. ఎక్కి తొక్కి చూశాను. ఆ తర్వాతే సీటు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఈసారి ఆమె కూడా పక్కన తలవంచి నిలబడింది.

ఇది చదివిన మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. ప్రభువా, ఇతరుల బరువు మోసే వస్తువులు మా చేతుల్లో పెట్టావు. ముందు వాటిని ఎక్కి చూసే ఓపికను, చేసింది దాచకుండా చెప్పే నోటిని మాకు ఇవ్వు. ఆమెన్.