చూడకుండా ఎడమకి

మనవాడి అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. అందరికీ వాడు లేటు. తల్లి కడుపులో నెలలు నిండి, పొంగి, పొర్లినా బయటికి రాలేదట. పుట్టాక ఏడవాలన్న ఆలోచన మర్నాటికి గానీ తట్టలేదట. పాలపళ్ళు ఊడేసరికి ఈడువాళ్ళకి మీసాలొచ్చాయట. ఇందులో సగం అబద్ధమని వాళ్ళక్క అంటుంది. ఏ సగమో మాత్రం చెప్పదు.

అలాంటివాడు ముప్పై దగ్గర పడ్డాక ఫుట్‌బాల్ గోలీ, అదే గోల్ కీపరు, అయ్యాడంటే జనం నవ్వక ఏం చేస్తారు?

లేటు ఇటుకల ముఠాలో పనివాడు. లారీ వచ్చి ఆగగానే ముఠా అంతా బారుగా నిలబడుతుంది. పైనున్నవాడు జతజతగా ఇటుకలు విసురుతాడు. కిందవాడు పట్టి పక్కవాడికి, వాడు ఆ పక్కవాడికి, అలా గోడ లేచే చోటిదాకా. బిగబట్టిన చేతులతో పట్టుకునేవాడికి సాయంత్రానికి వేళ్ళు మిగలవు. చంటిపిల్లని అందుకున్నట్టు చేతుల్ని వెనక్కి లాక్కుంటూ పట్టాలి. దానికంటే పెద్ద సంగతి, విసిరేటప్పుడు చూడకూడదు. కుడివైపు నుంచి జత మీద జత వస్తూనే ఉంటుంది. ఎడమవైపు ఎవరున్నారా అని తల తిప్పావో, తర్వాతి జత వచ్చి చెవిని పలకరిస్తుంది. అందుకని కళ్ళు కుడికి, చేతులు ఎడమకి. ఎడమనున్నవాడు ఉంటాడంతే.

లేటుకి ఎడమనున్నవాడు వాళ్ళ బావ. అక్క మొగుడు. బారులోనే కాదు, ఇంట్లోనూ పక్కనే. రెండు గదుల ఇంట్లో ముందుగదిలో లేటు మడతమంచం, వెనక గదిలో అక్కాబావలు, మధ్యలో తలుపు బదులు పాత దుప్పటి. పొద్దున లేచిన దగ్గర్నుంచి బావకి పని ఒకటే, బామ్మర్దిని ఆడిపోసుకోవడం. "మీ తమ్ముడు టీ ఊదుకుని తాగేలోపు నేను ముసలాణ్ణైపోయేట్టున్నానే," అనేవాడు పెళ్ళాంతో. "వాడు తాగేదాకా మీరు పడుచువాళ్ళే కదా, సంతోషించండి," అనేది అక్క.

ఆదివారాల్లో పనివాళ్ళ టీములు ఆడుకునేవి. ఇటుకల ముఠాకో టీము, ఐసు ఫ్యాక్టరీకి ఒకటి, బస్సుల షెడ్డుకి ఒకటి. ముఠా టీములో ఎడమ అంచున పరుగెత్తేది బావే. బావ పరుగు ముందు బస్సు ఆగిపోయినట్టుండేదని షెడ్డువాళ్ళే ఒప్పుకున్నారు, బస్సు నిజంగా ఆగే ఉందని తర్వాత తెలిసినా సరే. ఒక ఆదివారం ముఠా గోలీ పన్ను పీకించుకుని, దవడ పట్టుకుని గట్టున కూలబడ్డాడు. అవతల ఐసు ఫ్యాక్టరీవాళ్ళు చేతులు రుద్దుకుంటున్నారు. లేటు గిన్నె ముందేసుకుని అప్పుడే భోంచేస్తున్నాడు.

"బామ్మర్దీ, తినడం అయిందా?"

"అవుతోంది."

"మిగతాది వచ్చే ఆదివారం తిందువుగాని. లేచి గోల్లో నిలబడు."

"నాకు రాదు బావా."

"నీకేదొచ్చని? ఇటుకే అనుకో. కాకపోతే మూలలుండవు."

మనవాడు చెయ్యి కడుక్కుని వెళ్ళి నిలబడ్డాడు. ఐసు ఫ్యాక్టరీలో ఒక భారీ మనిషి ఉండేవాడు. వాడు కొట్టిన బంతి చప్పుడుకి పక్క వీధిలో ఆరేసిన బట్టలు వాటంతటవే మడతపడేవని చెప్పుకునేవారు. ఆ బంతే వచ్చింది. లేటు చేతులు వెనక్కి లాక్కుంటూ అందుకున్నాడు. చప్పుడు కూడా కాలేదు. అందుకున్నవాడు అందుకున్నట్టే, కుడివైపు చూస్తూ, ఎడమకి విసిరేశాడు. తర్వాతి ఇటుక కోసం ఎదురుచూస్తున్నాడు పాపం. ఎడమన బావ ఉన్నాడు. విసురు రాకముందే బావ కాళ్ళు కదిలిపోయాయి. అవతలివాళ్ళు ఇంకా తమ గోల్ అయిందనుకుని చేతులెత్తుతుండగానే ఇవతలివాళ్ళ గోల్ అయిపోయింది.

ఆ సంవత్సరం ముఠా టీము పనివాళ్ళ లీగు గెలిచింది. పై ఏడాది దానిపై లీగు. బంతి లేటు చేతిలో పడిందంటే బావ కాలికి తగిలినట్టే లెక్క. చూడకుండా ఎలా వేస్తాడయ్యా అని జనం ఆశ్చర్యపోతే, "చూస్తే నా మొహం కనబడుతుందని భయం," అనేవాడు బావ.

అప్పుడొచ్చాడు క్లబ్బు కోచ్. జీతాలిచ్చి ఆడించే అసలైన క్లబ్బు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల. ఆట అయ్యాక నేరుగా లేటు దగ్గరికొచ్చి చేతులు తిప్పి చూశాడు, కూరగాయలు బేరమాడేవాడిలా.

"వయసెంత?"

"ముప్పై దాటింది సార్."

"ముప్పై దాటితే మావాళ్ళు బూట్లు విప్పేస్తారు."

"నేనిప్పుడిప్పుడే లేసులు కట్టుకోవడం నేర్చుకుంటున్నా సార్."

కోచ్ నవ్వాడు. గోలీలు ఆలస్యంగా పండినా ఫర్వాలేదన్నాడు. రమ్మన్నాడు, లేటు ఒక్కణ్ణే. బావ రెండడుగుల దూరంలో నిలబడి బూటులోంచి మట్టి దులుపుకుంటున్నాడు. కోచ్ చూపు అటు పోలేదు.

ఆ పూట ఇంట్లో ముందుగా మాట్లాడింది మనవాడే. "నేను ముందు వెళ్తా బావా. కాలు నిలదొక్కుకున్నాక నీ సంగతి చెప్తా. నువ్వు లేకుండా నేనెవరికి వెయ్యాలి?"

"చెప్పరా, తొందరేం లేదు. నీ తొందర నాకు తెలియందా," అన్నాడు బావ. అక్క మాత్రం నవ్వలేదు. "మర్చిపోకు," అంది.

ముఠాలో చోటు వదిలినవాడికి ఆ చోటు మళ్ళీ దొరకదు. బావకి కుడివైపున కొత్తవాడొచ్చి నిలబడ్డాడు. వంకర విసురు వాడిది. మొదటివారమే బావ బొటనవేలి గోరు ఊడింది.

క్లబ్బులో మనవాడు మూడో గోలీ. మూడో గోలీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే, జీతమిచ్చి పెట్టుకున్న గోడ. పొద్దున్నే గోల్ కొట్టే కుర్రాళ్ళంతా వాడి మీద బంతులు కొట్టి చెయ్యి, అదే, కాలు సరిచేసుకుంటారు. బట్టలు మార్చుకునే గదిలో వాడి కొక్కెం మరుగుదొడ్డి తలుపు పక్కన. తలుపు తెరిచినప్పుడల్లా చొక్కా కింద పడేది. కుర్రాళ్ళు "బాబాయ్" అని పిలిచేవారు, గౌరవంతో కాదు. "బాబాయ్, నీ కాలంలో బంతులు రాతివటగా?" అని ఒకడు. "రాతివే. అవి తలకి తగిలిన మీ నాన్నల్ని చూస్తే తెలియడంలా?" అని వీడు. మాటకి మాట వేసేవాడే గానీ క్లబ్బు ఇచ్చిన గదికెళ్ళాక మోచేతులకి ఐసు కట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆ గదిలో అద్దం ఒకటి, బల్ల ఒకటి, పక్కమంచం ఖాళీ. తనను ఆడిపోసుకునేవాళ్ళెవరూ లేని ఇల్లు ఎలా ఉంటుందో వాడికి మొదటిసారి తెలిసింది.

రెండో గోలీ వేరే క్లబ్బుకి పోయాడు. మొదటి గోలీ, గడ్డం కూడా సరిగా రాని కుర్రాడు, ఒక ఆటలో భుజం జారి మధ్యలో బయటికొచ్చాడు. మనవాడి వంతు వచ్చింది. గ్యాలరీ నిండా జనం. మొదటి బంతి గాల్లోంచి వచ్చింది. లేటు చంటిపిల్లలా అందుకున్నాడు. అందుకుని, కుడివైపు చూస్తూ, ఎడమకి విసిరేశాడు.

ఎడమన ఎవరూ లేరు. ఉన్నవాడల్లా అవతలి టీమువాడు. తన అదృష్టాన్ని నమ్మడానికి వాడికొక క్షణం పట్టింది గానీ, గోల్ కొట్టడానికి అంతకూడా పట్టలేదు.

ఓడిపోయాక కోచ్ అందరి ముందూ అడిగాడు. "ఎవరికి వేశావ్?"

"మా బావకి సార్."

గది గొల్లుమంది. కోచ్ నవ్వలేదు. అగ్గిపుల్ల ఈ మూల నుంచి ఆ మూలకి మార్చి, "ఎవరా బావ? ఓసారి తీసుకురా," అన్నాడు.

ఇచ్చిన మాట అలా తనంతట తనే నెరవేరే దారిలో పడింది. బావ వచ్చాడు. ఉతికిన చొక్కా, అరువు బూట్లు. వారం రోజులు క్లబ్బు మైదానంలో ఆడించారు. లేటు అందుకోవడం, చూడకుండా వెయ్యడం, బావ అక్కడ ఉండటం. బాబాయ్ అని వెక్కిరించిన కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. మనవాడి ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీలు సెలవడిగాయి.

వారం ఆఖర్న కోచ్ తన గదికి పిలిచాడు. గ్యాలరీ మెట్ల కిందున్న గది, ఏటవాలు కప్పు, మూలన వలసంచీలో బంతులు, కిటికీకి ఆరేసిన గ్లవ్స్.

"సూటిగా చెప్తా," అన్నాడు కోచ్. "మీ బావ నాకు నచ్చాడు. కానీ నా దగ్గర ఖాళీ ఒక్కటే. కుర్రాడి భుజం నయమవుతోంది. మీ బావని తీసుకుంటే నిన్ను పంపించెయ్యాలి. నిన్ను ఉంచుకుంటే మీ బావని తీసుకోలేను."

లేటు బంతుల సంచీకేసి చూశాడు.

"అతనిలో నాకు తెలియని లోపం ఏదైనా ఉందా? ఏళ్ళ తరబడి పక్కన పనిచేసినవాడివి, నీకే తెలుస్తుంది. డాక్టర్లు ఒకపూటలో ఏం చూస్తారు? లోపం లేదంటే అతన్నే తీసుకుంటా. నిన్ను బాధపెట్టినా సరే."

అంతకు ముందెప్పుడో పైనుంచి జారిన ఇటుక బావ మోకాలికి తగిలింది. అక్క ఉప్పు మూట కాచి కాపడం పెట్టింది. నాలుగు రోజులకి వాపు తగ్గింది, ఆ ఆదివారమే బావ గోల్ కొట్టాడు. తర్వాత ఆ మోకాలి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పుట్టినప్పుడు ఏడవడానికే ఒకరోజు ఆలోచించినవాడు ఆ జవాబుకి మాత్రం ఆలస్యం చెయ్యలేదు.

"మోకాలు సార్. దెబ్బ తగిలింది. చలికి పట్టేస్తుంది. పైకి చెప్పడు."

"ఏ మోకాలు?"

"ఎడమది."

కోచ్ తలూపాడు. "నిజం చెప్పినందుకు థాంక్స్. ఇది చెప్పడం నీకు కష్టమేనని తెలుసు," అన్నాడు.

కబురు చేస్తామని చెప్పి బావని పంపేశారు. బస్టాపు దాకా లేటే సాగనంపాడు. బావ అరువు బూట్లు మెళ్ళో వేసుకుని నడుస్తున్నాడు. "రాకపోతే రాకపోయిందిలేరా," అన్నాడు. "ఇంతమందిలో నన్ను గుర్తుపెట్టుకుని పిలిపించావు. మీ అక్క ఎంత మురిసిపోయిందో తెలుసా. బయల్దేరేముందు వారం రోజులూ నాకు రెండోసారి కూర అడక్కుండానే వేసింది."

కబురు రాలేదు. "అక్కడంతా చిన్నప్పట్నుంచీ ఆడినవాళ్ళు, మనమెక్కడ," అని బావ ముఠాలో చెప్పుకున్నాడు. కొత్తవాడి వంకర విసుర్లు అందుకుంటూనే చెప్పుకున్నాడు.

మనవాడి దశ తిరిగింది. కుర్రాడి భుజం మళ్ళీ జారింది, ఈసారి ఆపరేషన్ దాకా పోయింది. లేటు మొదటి గోలీ అయ్యాడు. తల తిప్పి చూసి వెయ్యడం నేర్చుకున్నాడు. మొదట్లో మెడ నొప్పెట్టింది, తర్వాత అలవాటైంది. పేపర్లో ఫోటో వచ్చింది. ముప్పై దాటాక మొదలెట్టి ఇంత ఎత్తుకి ఎదిగినవాడు లేడని రాశారు. ముఠావాళ్ళు ఆ కాగితం కత్తిరించి లారీ అద్దానికి అతికించారు. కొక్కెం కూడా మారింది, కిటికీ పక్కకి.

సీజన్ చివరాఖరి ఆటకి అక్కకీ బావకీ పాసులు పంపాడు. ఆ రోజు లేటు అందుకున్న బంతుల గురించి ఎవరెంత పెంచి చెప్పినా తక్కువే. ఒక పెనాల్టీ పట్టాడు. పట్టడం కాదు, బంతే అలిసిపోయి వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టుంది. గ్యాలరీలో బావ బెంచీ ఎక్కి, "మా బామ్మర్ది, మా ఇంట్లో మడతమంచం మీద పడుకునేవాడు," అని ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ గొంతు పోయేలా చెప్పాడు. క్లబ్బు గెలిచింది.

ఆట అయ్యాక ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. మనవాడు తలస్నానం చేసి, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. పక్కనే క్లబ్బు డాక్టరు, మంచి మనిషి, ఎవర్నీ పలకరించకుండా పోలేడు. బావని చూడగానే గుర్తుపట్టాడు.

"మీరు వారం రోజులు ఆడి వెళ్ళారు కదూ. మోకాలు ఎలా ఉంది ఇప్పుడు?"

"ఏ మోకాలు సార్?"

"అదే, ఎడమది. చలికి పట్టేస్తుందట కదా. దానివల్లేగా మిమ్మల్ని తీసుకోలేకపోయింది. మా కోచ్ ఇప్పటికీ అంటుంటాడు, మీ బామ్మర్ది చెప్పకపోయుంటే తెలిసేదే కాదని."

అక్క ఫక్కున నవ్వింది. "ఈయన మోకాలికేం రోగం సార్, మీరు వేరేవాళ్ళనుకుని..." అని తమ్ముడికేసి చూసింది. ఆ మొహం చూశాక నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

బావ లేటునే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఇటుక ఎటునుంచి వచ్చి తగిలిందో తెలియనివాడు చూసినట్టు చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "పర్లేదు సార్. సర్దుకుంది," అన్నాడు.

"బావా," అన్నాడు లేటు.

"బాగా ఆడారండి," అన్నాడు బావ. "మీకు అలసటగా ఉంటుంది, వెళ్ళి పడుకోండి."

అక్క చేతిలో తమ్ముడి కోసం తెచ్చిన డబ్బా ఉంది. దాన్ని ఇవ్వబోయి, చంకలో పెట్టుకుంది.

అంతలో వీధి చివర వాళ్ళ బస్సు కదిలింది. బావ చొక్కా చేతులు పైకి మడిచి పరుగందుకున్నాడు. జనాన్ని తప్పించుకుంటూ, సైకిళ్ళ మధ్యనుంచి, ఎడమ అంచు పట్టుకుని. అంత వేగంగా బావ మైదానంలో కూడా ఎప్పుడూ పరుగెత్తలేదు. బస్సు కమ్మీ అందుకుని, డ్రైవరు చేత ఆపించి, మెట్టు మీద నిలబడి పెళ్ళానికి చెయ్యి చాపాడు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వెనక్కి చూడకుండా అటే పోయింది.

డాక్టరు కళ్ళద్దాలు సరిచేసుకుని చూశాడు. "మోకాలు బాగానే ఉన్నట్టుందే," అన్నాడు.

"తగ్గినట్టుంది సార్," అన్నాడు మనవాడు.